క్యూఆర్ కోడ్ లింకులను తెరిచే ముందు పరిశీలించే విధానం: రాయలసీమ విస్తరణ కార్యక్రమాలలో దాని ఆవశ్యకత

కర్నూలు, కడప జిల్లాలలో ఖరీఫ్‌కు ముందు విత్తన దుకాణానికి వెళ్లిన రైతుకు నేడు క్యూఆర్ కోడ్ ఒకటికి రెండు చోట్ల ఎదురవుతుంది. విత్తన ప్యాకెట్టుపై ఒకటి, డబ్బు చెల్లించే బల్లపై ఒకటి, గోడకు అంటించిన ప్రచార పత్రంపై మరొకటి. కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనలలోనూ, కిసాన్ మేళాలలోనూ, మనం ముద్రించి పంచే కరపత్రాలలోనూ ఇవే చతురస్రాలు కనిపిస్తున్నాయి. "వివరాలకు దీనిని స్కాన్ చేయండి" అని రైతుకు చెప్పడం విస్తరణ సిబ్బందికి అలవాటయింది. స్కాన్ చేసిన తరువాత తెరపై కనిపించే చిరునామాను ఎలా చదవాలో చెప్పడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఆ లోటును పూరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం సాంకేతిక విషయమని, వ్యవసాయ విస్తరణకు సంబంధం లేనిదని అనుకోరాదు. వర్షాధార సేద్యంలో రైతు చేతిలోని సొమ్ముకు కాలంతో ముడి ఉంటుంది. తొలకరి పడిన నాలుగు రోజులలో విత్తనం, ఎరువు కొనడానికి ఖాతాలో దాచుకున్న డబ్బు ఒక తప్పుడు లింకు వలన పోతే, ఆ మొత్తం ఆరు నెలల తరువాత తిరిగి వచ్చినా విత్తే అదను తిరిగి రాదు. నగర వాసికి జరిగే అదే నష్టం నెల జీతంతో పూడవచ్చు. మెట్ట రైతుకు అది ఒక పంటకాలం.

ట్యాగు చదివిన అలవాటు

విత్తన సంచిని విప్పే ముందు ట్యాగు చూడాలని మనం దశాబ్దాలుగా బోధిస్తున్నాం. బ్రీడరు విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, సర్టిఫైడ్ విత్తనానికి నీలి రంగు ట్యాగు ఉంటుందని రైతులకు తెలుసు. లాటు నంబరు, పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం చూసుకుంటారు. సర్టిఫైడ్ శనగ విత్తనానికి కనీసం 85 శాతం, వేరుశనగకు కనీసం 70 శాతం మొలక ఉండాలని అడిగే రైతులు మన జిల్లాలలో తక్కువేమీ కాదు. సంచిపై ముద్రించిన పంట బొమ్మను నమ్మవద్దని, ట్యాగునే నమ్మాలని వారు నేర్చుకున్నారు.

క్యూఆర్ కోడ్ విషయంలోనూ నేర్పవలసినది ఇదే. కోడ్ చుట్టూ ఉన్న బొమ్మలు, ప్రభుత్వ చిహ్నాలు, నాయకుల ఛాయాచిత్రాలు, పథకాల పేర్లు సంచిపై ఉన్న పంట బొమ్మ వంటివి. ఎవరైనా ముద్రించగలరు. స్కాన్ చేసినప్పుడు కనిపించే చిరునామా ట్యాగు వంటిది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. విత్తన ట్యాగు వెనుక ధ్రువీకరణ సంస్థ, పరీక్షా ప్రయోగశాల ఉన్నాయి. క్యూఆర్ కోడ్‌ను తయారు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఉచిత వెబ్‌సైట్లలో అర నిమిషంలో ఒక కోడ్ సిద్ధమవుతుంది. కనుక చిరునామాను పరీక్షించే బాధ్యత పూర్తిగా స్కాన్ చేసేవారి మీదనే పడుతుంది.

క్యూఆర్ కోడ్ నిర్మాణం

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం రూపొందించింది. వాహన విడిభాగాలను వేగంగా గుర్తించడం దాని తొలి ప్రయోజనం. మూడు మూలలలో ఉండే పెద్ద చతురస్రాలు కెమెరాకు దిక్కు తెలుపుతాయి. అతి చిన్న కోడ్‌లో ఒక్కొక్క వైపు 21 గడులు, అతి పెద్ద దానిలో 177 గడులు ఉంటాయి. నలుపు, తెలుపు గడుల అమరికలోనే సమాచారం నిక్షిప్తమై ఉంటుంది.

దోష నివారణ పద్ధతి వలన కోడ్‌లో కొంత భాగం చెరిగినా ఫోన్ దానిని చదవగలదు. నాలుగు స్థాయిలలో ఇది సుమారు 7, 15, 25, 30 శాతం వరకు ఉంటుంది. దుమ్ము పట్టిన ఎరువు సంచిపై కోడ్ పనిచేయడానికి, కోడ్ మధ్యలో సంస్థ చిహ్నం ముద్రించగలగడానికి కారణం ఇదే. మధ్యలో చిహ్నం ఉన్నంత మాత్రాన ఆ కోడ్ ఆ సంస్థదే అని చెప్పలేమన్నది దీని నుంచి గ్రహించాలి.

మన ప్రయోజనానికి ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. మనిషి కన్ను ఈ గడులను చదవలేదు. అసలు కోడ్, నకిలీ కోడ్ పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. పురుగుమందు డబ్బాపై విష తీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు చదువు రానివారికి కూడా ప్రమాద స్థాయిని చెబుతాయి. క్యూఆర్ కోడ్‌కు అటువంటి రంగు గుర్తు ఏదీ లేదు. ప్రమాదకరమైనదైనా, మేలైనదైనా కోడ్ చూడడానికి ఒకే తీరుగా ఉంటుంది.

కోడ్‌లో ఏమేమి ఉండవచ్చు

క్యూఆర్ కోడ్ అంటే వెబ్‌సైటు లింకు మాత్రమే కాదు. అందులో ఉన్న అక్షరాలను బట్టి ఫోన్ వేర్వేరు పనులకు సిద్ధమవుతుంది. హెచ్‌టీటీపీఎస్ అని మొదలైతే వెబ్‌సైటు తెరవబోతుంది. యూపీఐ అని మొదలైతే చెల్లింపు యాప్ తెరుచుకుంటుంది. ఫోన్ నంబరు, సంక్షిప్త సందేశం, వైఫై సంకేతపదం, పరిచయ వివరాలు కూడా కోడ్‌లో ఉండవచ్చు. వాట్సాప్‌లో మరొక పరికరాన్ని జతచేసే కోడ్‌ను మన ఫోన్‌తో స్కాన్ చేస్తే మన సందేశాలు ఎదుటివారి కంప్యూటర్‌లో తెరుచుకుంటాయి. కనుక "గ్రూపులో చేరడానికి" అని ఎవరైనా చూపిన కోడ్‌ను వాట్సాప్‌లోని లింక్డ్ డివైసెస్ అన్న చోటు నుంచి స్కాన్ చేయరాదు.

కోడ్‌ను చదవడం వేరు, అందులోని లింకును తెరవడం వేరు. ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరా గానీ గూగుల్ లెన్స్ గానీ కోడ్‌పై పెట్టినప్పుడు చిరునామా ఒక చిన్న పట్టీలో కనిపిస్తుంది. ఐఫోన్ కెమెరాలోనూ అంతే. ఆ పట్టీని వేలితో తాకే వరకు సాధారణంగా ఏదీ తెరుచుకోదు. స్కాన్‌కు, తాకడానికి మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాలే పరిశీలనకు తగిన సమయం. ఇందుకోసం ప్రత్యేకంగా స్కానర్ యాప్‌లు వేయించుకోవలసిన పని లేదు. కోటికి పైగా ఫోన్‌లలో ఉన్న ఒక స్కానర్ యాప్ 2020 డిసెంబరు నవీకరణతో హానికరంగా మారిన ఉదంతం ఉంది. ఫోన్‌తో పాటు వచ్చిన కెమెరాయే మేలు.

చిరునామాను చదివే పద్ధతి

వెబ్ చిరునామా పొడవుగా కనిపించినా, అందులో నమ్మకానికి ఆధారమైన భాగం చాలా చిన్నది. దానిని గుర్తించడానికి మూడు మెట్లు చాలు.

1. మొదట ఉన్న హెచ్‌టీటీపీఎస్‌ను, దాని తరువాతి జంట ఏటవాలు గీతలను వదిలివేయాలి.
2. ఆ తరువాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత వద్ద ఆగాలి. దానికి కుడివైపున ఉన్నదంతా ప్రస్తుతానికి లెక్కలోకి తీసుకోరాదు.
3. మిగిలిన భాగాన్ని కుడి చివర నుంచి ఎడమకు చదవాలి. చివరి రెండు మూడు పదాలే ఆ చిరునామా యజమాని ఎవరో చెబుతాయి.

ఉదాహరణకు పీఎం కిసాన్ అధికారిక చిరునామా 'పీఎంకిసాన్.గవ్.ఇన్' అని ముగుస్తుంది. ఇది ఫోన్‌లో ఆంగ్ల అక్షరాలతో కనిపిస్తుంది. చివర ఉన్న 'గవ్.ఇన్' ప్రభుత్వ సంస్థలకు మాత్రమే కేటాయించే డొమైన్. ఇప్పుడు 'పీఎంకిసాన్.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్' అన్న చిరునామా వచ్చిందనుకుందాం. ఎడమ నుంచి చదివితే ఇది అసలుదిగా తోస్తుంది. కుడి నుంచి చదివితే యజమాని 'ఎగ్జాంపుల్.కామ్' అని తేలుతుంది. ముందున్న పదాలన్నీ ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్లు పెట్టుకున్న పేర్లే. అదే విధంగా 'పీఎంకిసాన్-గవ్.ఇన్' అని చుక్కకు బదులు అడ్డగీత ఉంటే అది ప్రభుత్వ డొమైన్ కాదు. 'పీఎంకిసాన్-గవ్' అన్నది ఎవరైనా కొనుక్కోగల మామూలు పేరు అవుతుంది. ఒక చుక్క స్థానంలో ఒక గీత వచ్చినంత మాత్రాన యజమాని మారిపోతాడన్నది విద్యార్థులు బాగా గుర్తుంచుకోవాలి.

మన రైతు కుటుంబాలకు బాగా తెలిసిన ఉదాహరణ తిరుమల దర్శనం. దర్శనం టికెట్ల పేరిట నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకు రావడం, దేవస్థానం వాటిపై ఫిర్యాదు చేయడం పలుమార్లు జరిగింది. దేవస్థానం అధికారిక చిరునామా 'ఏపీ.గవ్.ఇన్' అని ముగుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లు కూడా చాలావరకు ఇలాగే ముగుస్తాయి. మన ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం చిరునామా 'ఏసీ.ఇన్' అని ముగుస్తుంది. ఇది విద్యాసంస్థలకు కేటాయించిన డొమైన్. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 'బ్యాంక్.ఇన్' అన్న ప్రత్యేక డొమైన్‌ను ప్రవేశపెట్టి, 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులు దానికి మారాలని ఆదేశించింది. దాని నమోదు బాధ్యతను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. కనుక 'గవ్.ఇన్', 'ఏసీ.ఇన్', 'బ్యాంక్.ఇన్' అన్న మూడు ముగింపులను గుర్తుపట్టగలిగితే విస్తరణ పనిలో ఎదురయ్యే లింకులలో పెద్ద భాగాన్ని వేరు చేయవచ్చు.

మోసగాళ్లు ఒకే తీరున కనిపించే అక్షరాలను కూడా వాడుకుంటారు. ఆంగ్ల 'ఓ' అక్షరానికి బదులు సున్న, 'ఎల్' అక్షరానికి బదులు ఒకటి అంకె, 'ఎమ్' అక్షరానికి బదులు 'ఆర్', 'ఎన్' రెండూ పక్కపక్కన పెట్టడం వంటివి తరచూ కనిపిస్తాయి. అనుమానం ఉన్నప్పుడు కోడ్ ద్వారా వెళ్లకుండా, తెలిసిన చిరునామాను స్వయంగా టైపు చేసుకోవడం ఉత్తమం.

తాళం గుర్తు ఉంటే వెబ్‌సైటు నిజమైనదే అన్న అపోహ విద్యావంతులలోనూ ఉంది. ఫోన్‌కు, వెబ్‌సైటుకు మధ్య సమాచారం రహస్యంగా సాగుతుందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. అవతల ఉన్నవారు ఎవరన్నది చెప్పదు. ఈ అపోహ కారణంగానే గూగుల్ క్రోమ్ 2023 సెప్టెంబరులో తాళం గుర్తును తొలగించి వేరొక గుర్తు పెట్టింది.

కుదించిన లింకులు, దారి మళ్లింపు

కొన్ని కోడ్‌లలో పూర్తి చిరునామాకు బదులు కుదించిన లింకు ఉంటుంది. 'బిట్.లీ', 'టైనీయూఆర్ఎల్' వంటి సేవలు పొడవైన చిరునామాను చిన్నదిగా మార్చి ఇస్తాయి. ఇటువంటి లింకులో అసలు గమ్యం కనిపించదు. బిట్.లీ లింకు చివర కూడిక గుర్తు చేర్చి తెరిస్తే, గమ్యానికి వెళ్లకుండానే అది ఎక్కడికి దారితీస్తుందో చూపుతుంది. లింకును తాకకుండా నకలు చేసి వైరస్‌టోటల్ వంటి తనిఖీ వెబ్‌సైటులో అతికించి చూడవచ్చు. అయితే తనిఖీలో "దోషం లేదు" అని వచ్చినంత మాత్రాన భద్రమని కాదు. నిన్న పుట్టిన నకిలీ వెబ్‌సైటు ఈ రోజు జాబితాలో చేరి ఉండకపోవచ్చు. తెగులు లక్షణాలు కనిపించలేదంటే తెగులు లేదని కాదన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

ప్రభుత్వ కార్యాలయం పేరిట వచ్చిన కోడ్ కుదించిన లింకుకు దారితీస్తే, అది తప్పని నిర్ధారించలేకపోయినా, తెరవకుండా కార్యాలయాన్ని అడగడమే సరైన పద్ధతి.

చెల్లింపు కోడ్‌లు

చెల్లింపు కోడ్‌తో జరిగే మోసం రెండు విధాలు. మొదటిది అసలు కోడ్‌పై మరొక కోడ్ అంటించడం. మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో 2025 జనవరిలో పలు దుకాణాలు, పెట్రోలు బంకు వద్ద రాత్రివేళ ఇలా అంటించిన సంగతి బయటపడింది. మందుల దుకాణంలో డబ్బు చెల్లించబోయిన వ్యక్తికి వేరే పేరు కనిపించడంతో విషయం తెలిసింది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలోనూ 2022 జనవరిలో పార్కింగ్ రుసుము యంత్రాలపై ఇటువంటి నకిలీ కోడ్‌లు దొరికాయి. దీనికి విరుగుడు చాలా సులభం. రహస్య సంఖ్య నొక్కే ముందు తెరపై వచ్చిన పేరును దుకాణదారుకు వినిపించాలి. జాతీయ చెల్లింపుల సంస్థ 2025లో జారీచేసిన ఆదేశం ప్రకారం, బ్యాంకులో నమోదైన పేరునే యూపీఐ యాప్‌లు చూపాలి. కనుక ఆ పేరు ఇప్పుడు మునుపటి కంటే నమ్మదగిన ఆధారం. దుకాణదారులు కూడా ప్రతి ఉదయం తమ కోడ్‌ను తామే ఒకసారి స్కాన్ చేసి చూసుకోవాలని ఎరువుల డీలర్ల శిక్షణలో చెప్పవచ్చు.

రెండవది, డబ్బు పంపుతామని చెప్పి కోడ్ పంపడం. ఉల్లి, టమాట, పశువులు లేదా పాత ట్రాక్టరు అమ్మకానికి పెట్టిన రైతుకు దూర ప్రాంతపు కొనుగోలుదారునని ఒకరు ఫోన్ చేస్తారు. ధర కూడా బేరమాడకుండా ఒప్పుకుంటారు. "ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కితే బయానా మీ ఖాతాలో పడుతుంది" అంటారు. ఇక్కడ రైతుకు తెలియవలసిన సూత్రం ఒక్కటే. డబ్బు రావడానికి కోడ్ స్కాన్ చేయనవసరం లేదు, పిన్ నొక్కనవసరం లేదు. పిన్ అడిగారంటే ఖాతా నుంచి డబ్బు పోతున్నదని అర్థం. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి మార్కెట్ యార్డులో, ప్రతి శిక్షణ తరగతిలో చెప్పవలసి ఉంది.

పథకాల పేరిట యాప్ ఫైళ్లు

పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా రైతు ఖాతాలో జమ అవుతాయి. విడత విడుదలయ్యే రోజుల్లో "కేవైసీ పూర్తి చేయకపోతే 2,000 రూపాయలు ఆగిపోతాయి" అన్న సందేశాలు వాట్సాప్‌లో తిరుగుతాయి. వాటితో పాటు 'ఏపీకే' అని ముగిసే ఫైలు గానీ, దానికి దారితీసే లింకు గానీ, కోడ్ గానీ ఉంటుంది. కేవైసీ నిజంగానే అవసరమైన పని కావడం వలన రైతు నమ్ముతాడు. అబద్ధం నిజం పక్కన నిలబడినప్పుడే ఎక్కువ ప్రమాదకరం.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు. దానిని తెరవగానే ఫోన్ "తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా" అని అడుగుతుంది. అనుమతిస్తే, ఆ యాప్ సందేశాలు చదివే అధికారం కోరుతుంది. ఆ అధికారం దొరికిన తరువాత బ్యాంకు పంపే ఓటీపీలు రైతు కంటే ముందే మోసగాని చేతికి చేరుతాయి. ఫోన్ అడిగిన మొదటి ప్రశ్న వద్దనే "వద్దు" అనగలిగితే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. ప్రభుత్వ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి మాత్రమే, తయారీదారు పేరు చూసి వేయించుకోవాలి. అనుమానం ఉంటే గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో గానీ, 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌లో గానీ అడగాలి.

ఇంతకు భిన్నంగా, క్యూఆర్ కోడ్ రైతుకు రక్షణగా నిలిచే సందర్భాలు కూడా ఉన్నాయి. కేంద్ర వ్యవసాయ శాఖ 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన 'సాథీ' వ్యవస్థలో విత్తనం ఎక్కడ పుట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కోడ్ ద్వారా తెలుసుకునే ఏర్పాటు ఉంది. మోసాల భయంతో రైతు అన్ని కోడ్‌లకూ దూరమైతే నకిలీ విత్తనాన్ని పట్టుకునే ఈ సాధనం కూడా వృథా అవుతుంది. కనుక "స్కాన్ చేయవద్దు" అన్నది మన సందేశం కారాదు. "చదివి తెరవండి" అన్నదే సరైన సందేశం.

మన కరపత్రాల బాధ్యత

ఈ విషయంలో నా సొంత పొరపాటును ఇక్కడ చెప్పడం సముచితమని భావిస్తున్నాను. కొన్నేళ్ల క్రితం శనగలో ఎండు తెగులు యాజమాన్యంపై ఒక కరపత్రం ముద్రించి, వీడియో కోసం ఒక ఉచిత సేవ ద్వారా క్యూఆర్ కోడ్ తయారు చేయించాను. ఆ మరుసటి రబీలో కర్నూలు జిల్లాలోని ఒక గ్రామంలో శిక్షణ సాగుతుండగా ఒక రైతు లేచి తన ఫోన్ చూపించి, "సారూ, ఇది మీరిచ్చిందేనా? ఏందో ఆటల బొమ్మలు వస్తాండాయి" అన్నాడు. కోడ్ మారలేదు, కాగితం మారలేదు. ఉచిత గడువు ముగియడంతో ఆ సేవ నా వీడియోకు బదులు ప్రకటనల పేజీకి దారి మళ్లించింది. మిగిలిన ప్రతులపై కాగితం ముక్కలు అంటించాము గానీ, అప్పటికే ఇళ్లకు చేరిన ప్రతులను వెనక్కి తేలేకపోయాము. ఆనాడు ఎవరి డబ్బూ పోలేదు. కానీ విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కాగితం రైతును తెలియని చోటికి పంపింది.

ఇలా జరగడానికి కారణం కోడ్‌లలోని రెండు రకాలు. స్థిరమైన కోడ్‌లో గమ్యం చిరునామా నేరుగా ఉంటుంది. మార్చగల కోడ్‌లో మధ్యవర్తి సంస్థ లింకు ఉండి, అది మనలను గమ్యానికి పంపుతుంది. మధ్యవర్తి తలచుకుంటే గమ్యం మారుతుంది. సొంత డొమైన్ అయినా గడువు తీరితే ఇదే ప్రమాదం. హైంజ్ సంస్థ జర్మనీలో కెచప్ సీసాలపై ఒక పోటీ కోసం ముద్రించిన కోడ్, ఆ డొమైన్ గడువు ముగిసి వేరొకరి చేతికి పోవడంతో, 2015లో అశ్లీల వెబ్‌సైటుకు దారితీసింది. సంస్థ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

కాబట్టి మన ప్రచురణలకు ఈ నియమాలు పాటించడం అవసరం.

1. స్థిరమైన కోడ్‌నే వాడాలి. అది విశ్వవిద్యాలయ డొమైన్‌లోని పేజీకే చేర్చాలి. వీడియో మరొక చోట ఉన్నా, ఆ లింకును మన పేజీలో ఇవ్వాలి.
2. కోడ్ కింద గమ్యం చిరునామాను ఆంగ్ల అక్షరాలలో స్పష్టంగా ముద్రించాలి. "స్కాన్ చేసినప్పుడు ఇదే చిరునామా కనిపించాలి. వేరేది కనిపిస్తే తెరవవద్దు" అని తెలుగులో ఒక వాక్యం చేర్చాలి.
3. విశ్వవిద్యాలయ కోడ్ ఏదీ డబ్బు, ఆధార్ సంఖ్య, ఓటీపీ అడగదని, ఏపీకే ఫైలు ఇవ్వదని కరపత్రంపై తెలపాలి.
4. మేళాలలో గోడలకు అంటించిన కోడ్‌లను రోజూ ఉదయం సిబ్బంది స్వయంగా స్కాన్ చేసి చూడాలి.
5. గడువు తీరిన కరపత్రాలను పంచరాదు.

ఆంగ్ల లిపి రాని రైతులకు

పైన చెప్పిన చిరునామా పరిశీలన ఆంగ్ల అక్షరాలు చదవగలవారికే సాధ్యం. తెలుగు లిపిలో '.భారత్' డొమైన్ ఉన్నప్పటికీ రైతుకు ఎదురయ్యే చిరునామాలు ఆంగ్ల లిపిలోనివే. రాయలసీమ పల్లెలలో పొలం పని చూసే ఎందరో పెద్దలు, మహిళా రైతులు ఆ లిపి చదవలేరు. "చిరునామా చూసుకోండి" అని చెప్పి ఊరుకుంటే మనం వారికి ఏమీ చెప్పనట్లే. వారికి మూడు ప్రశ్నలు నేర్పాలి. ఈ కోడ్ నాకు ఇచ్చినది ఎవరు, ఆ మనిషి నాకు ముఖ పరిచయమేనా? ఇది నన్ను ఏమి అడుగుతున్నది, పిన్‌నా, ఓటీపీనా, ఆధారా? ఎందుకింత తొందర పెడుతున్నది? మొదటి ప్రశ్నకు "తెలియదు" అని, లేదా రెండవదానికి "అవును" అని, లేదా మూడవదానికి "ఈ రోజే చేయాలట" అని జవాబు వస్తే, ఫోన్ జేబులో పెట్టి రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి.

దీనికి విద్యార్థులు బాగా ఉపయోగపడగలరు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో ఉండే నాలుగవ సంవత్సరం విద్యార్థులు పదిహేను నిమిషాల అభ్యాసాన్ని నిర్వహించవచ్చు. అసలు చిరునామాలు మూడు, వాటిని పోలిన కల్పిత చిరునామాలు మూడు అట్టముక్కలపై పెద్ద అక్షరాలతో రాసి, వేరు చేయమనాలి. 'గవ్.ఇన్' అన్న ముగింపును చదవలేనివారు కూడా బస్సు బోర్డులాగా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగలరు. అయితే ఆ ముగింపు చివరన ఉన్నదా, మధ్యలో ఉన్నదా అన్నది చూపుడు వేలితో చూపించి చెప్పాలి. ఇంట్లో ఫోన్ వాడే పిల్లలను కూడా అభ్యాసంలో కూర్చోబెట్టాలి. చాలా ఇళ్లలో ఫోన్ నొక్కేది వారే.

పొరపాటు జరిగితే

డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బ్యాంకుకు తెలపాలి. 'సైబర్‌క్రైమ్.గవ్.ఇన్'లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఇతర ఖాతాలకు చెదిరిపోక ముందే ఆపడం సాధ్యం కనుక గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం వలన నష్టం జరిగితే బ్యాంకుకు తెలిపే వరకు పోయిన మొత్తం అతనిదే. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని సందర్భంలో మూడు పనిదినాల లోపు తెలిపితే ఖాతాదారుపై భారం ఉండదు. ఏపీకే ఫైలు వేసి ఉంటే ముందుగా ఇంటర్నెట్ ఆపి, వేరొక ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఆ యాప్‌ను తొలగించి, అవసరమైతే ఫోన్‌ను పూర్తిగా తొలి స్థితికి తేవాలి.

మోసపోయిన రైతు చాలాసార్లు సిగ్గుతో ఎవరికీ చెప్పడు. ఇంట్లోవారు తిడతారని, ఊరు నవ్వుతుందని రెండు రోజులు దాస్తాడు. ఆ రెండు రోజులలోనే డబ్బు చేజారిపోతుంది. మన సిబ్బంది వద్దకు వచ్చిన రైతును "ఎందుకు నొక్కావు" అని అడగకుండా, ముందు 1930కి ఫోన్ కలిపి ఇవ్వాలి.

ముగింపు

రైతు మనం ఇచ్చిన కరపత్రంపై కోడ్‌ను అనుమానించకుండా స్కాన్ చేస్తాడు. దశాబ్దాల పరిశోధన, విస్తరణ కృషి వలన ఏర్పడిన నమ్మకం అది. ఆ నమ్మకాన్నే అనుకరించి మోసగాళ్లు ప్రభుత్వ చిహ్నాలు ముద్రిస్తున్నారు. కనుక క్యూఆర్ కోడ్ వాడకాన్ని నేర్పిన మనమే దానిని పరిశీలించే విధానాన్ని కూడా నేర్పవలసి ఉంది. విత్తన శుద్ధి, మోతాదు, అదను చెప్పే ప్రతి శిక్షణలో చివరి పది నిమిషాలు దీనికి కేటాయించాలని, ప్రతి కరపత్రంలో కోడ్ కింద దాని గమ్యం చిరునామాను ముద్రించాలని విస్తరణ శాస్త్రవేత్తలకు సూచిస్తున్నాను. వచ్చే ఖరీఫ్ కరపత్రాలు అచ్చుకు వెళ్లే ముందే ఈ మార్పు చేయడం సాధ్యం.